వేడి నుంచి విడివడిన వెలుగు

కోళ్ల ఫారంలో ఒక్కరోజు పిల్లలు దిగగానే రైతు ముందుగా చూసుకునేది వెచ్చదనం. గుండ్రంగా దడి కట్టి, లోపల ఊక పరిచి, నడుమ రేకు గొడుగు కింద ఫిలమెంట్ బల్బులు వేలాడదీస్తాడు. పిల్లలన్నీ బల్బుల కిందికి చేరి ఒకదాన్నొకటి ఒరుసుకుంటుంటే వేడి చాలడం లేదని అర్థం. దడి అంచులకు పారిపోతే ఎక్కువైందని అర్థం. అక్కడ బల్బు ఉన్నది వేడి కోసమే.

అదే బల్బును మనం తరాల పాటు నట్టింట్లో వెలుగు కోసం వాడుకున్నాం. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు తీసుకునే విద్యుత్తులో కంటికి కనిపించే కాంతిగా మారేది సుమారు 5 శాతం, అంటే 3 వాట్లు. మిగతా 57 వాట్లూ వేడిగానే పోతాయి. మే నెలలో ఫ్యాను వేసుకుని ఆ వేడిని తోలుకుంటూ, దానికీ దీనికీ కలిపి బిల్లు కట్టుకుంటూ వచ్చాం.

ఇది బల్బు తయారుచేసినవాళ్ల లోపం కాదు. వేడెక్కిన వస్తువు నుంచి కాంతిని రాబట్టే పద్ధతికే ఉన్న హద్దు. కొలిమిలో పెట్టిన ఇనుము మొదట ఎర్రబడుతుంది, ఇంకా వేడెక్కితే పసుపు పచ్చగా మెరుస్తుంది. బల్బులోని టంగ్‌స్టన్ తీగ దాదాపు 2,400 డిగ్రీల సెల్సియస్ దగ్గర వెలుగుతుంది. ఆ వేడిమిలో వెలువడే కిరణాల్లో అత్యధిక భాగం పరారుణ కిరణాలే. అవి చర్మానికి తెలుస్తాయి, కంటికి కనిపించవు. కనిపించే కాంతి వాటా పెరగాలంటే తీగను సూర్యుడి ఉపరితలమంత, అంటే 5,500 డిగ్రీల దాకా వేడి చేయాలి. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. కాబట్టి ఆ దారిలో ముందుకు వెళ్లడానికి చోటు లేదు.

ట్యూబ్‌లైట్ వేరే దారి పట్టింది. గొట్టంలోని పాదరసపు ఆవిరి గుండా విద్యుత్తు ప్రవహిస్తే అతినీలలోహిత కిరణాలు పుడతాయి. గొట్టం లోపలి తెల్లటి ఫాస్ఫర్ పూత వాటిని మింగి తెల్లటి కాంతిని ఇస్తుంది. వాట్లు అన్నే అయినా ఫిలమెంట్ బల్బు కంటే నాలుగైదు రెట్ల వెలుగు. అయితే చోక్ విడిగా మరో పది పదిహేను వాట్లు తినేది. సాయంత్రం వోల్టేజీ పడిపోతే స్టార్టర్ టకటకమని కొట్టుకునేదే తప్ప ట్యూబు వెలిగేది కాదు. తర్వాత వచ్చిన సీఎఫ్ఎల్ కూడా మడిచి చిన్నదిగా చేసిన ట్యూబ్‌లైటే. రెండింటిలోనూ పాదరసం ఉంది.

ఎల్ఈడీ ఈ రెండు దారులనూ విడిచిపెట్టింది. అందులో తెల్లగా కాలే తీగ లేదు, ఆవిరి లేదు. ఎలక్ట్రాన్ తన దగ్గరున్న శక్తిని నేరుగా కాంతిగా మార్చేస్తుంది. ఈ అధ్యాయంలో చెప్పదలచినది ఒక్కటే: వేడితో పని లేకుండా వెలుగు పుట్టించే ఈ దీపాన్ని చంపేది మాత్రం వేడే. ఈ మాట మనసులో ఉంచుకుంటే ఏ బల్బు కొనాలో, ఎక్కడ బిగించాలో, ఎందుకు తొందరగా పాడవుతోందో అన్నీ వాటంతట అవే తెలుస్తాయి.

మెట్టు దిగే ఎలక్ట్రాన్

అర్ధవాహక పదార్థంలో ఎలక్ట్రాన్లు ఎంత శక్తితో పడితే అంత శక్తితో ఉండలేవు. వాటికి పై అంతస్తు ఒకటి, కింది అంతస్తు ఒకటి ఉన్నాయనుకోండి. రెండింటి మధ్య నిలబడే వీలు లేదు. ఒక వైపు ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఉండేలా, మరోవైపు ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు ఎక్కువగా ఉండేలా స్ఫటికాన్ని తయారుచేసి, రెండు పొరలనూ కలిపి బ్యాటరీకి తగిలిస్తే, హద్దు దగ్గర పై అంతస్తులోని ఎలక్ట్రాన్ కిందనున్న ఖాళీలోకి దిగుతుంది. దిగినప్పుడు మిగిలిన శక్తి ఒక కాంతి కణంగా, అంటే ఫోటాన్‌గా బయటికి వస్తుంది.

అంతస్తుల మధ్య ఎత్తే కాంతి రంగును నిర్ణయిస్తుంది. 1.9 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తు ఉంటే ఎరుపు, 2.7 ఉంటే నీలం. అంటే ఎల్ఈడీ రంగు దానిమీద పూసిన రంగు వల్ల రాదు, స్ఫటికంలో కలిసిన మూలకాల వల్ల వస్తుంది. అన్ని అర్ధవాహకాలూ ఈ పనికి రావు. కంప్యూటర్ చిప్పులకు ఆధారమైన సిలికాన్‌లో దిగే ఎలక్ట్రాన్ తన శక్తిని చాలావరకు పరమాణువుల కదలికకే ఇచ్చేస్తుంది, అది వేడిగా మారిపోతుంది. గాలియం కలిసిన సమ్మేళనాలు ఆ శక్తిని కాంతిగా బాగా వదులుతాయి.

సిలికాన్ కార్బైడ్ ముక్కకు విద్యుత్తు తగిలిస్తే మసక వెలుగు వస్తోందని బ్రిటిష్ ఇంజనీరు హెన్రీ రౌండ్ 1907లోనే రాశాడు. 1920లలో రష్యాలో ఒలెగ్ లోసెవ్ దాన్ని లోతుగా పరిశీలించాడు. కంటికి కనిపించే ఎరుపు ఎల్ఈడీని 1962లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో నిక్ హోలోన్యాక్ తయారుచేశాడు. తర్వాత రేడియోల మీద, స్టెబిలైజర్ల మీద, కాలిక్యులేటర్లలో ఎర్రటి చుక్కలు మెరిశాయి. ఆకుపచ్చ కూడా వచ్చింది. కానీ ఆ చుక్కలతో ఇంట్లో దీపం పెట్టుకోలేం. తెల్లటి వెలుగుకు నీలం కావాలి. ఆ నీలం కోసం దాదాపు ముప్ఫై ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

నీలం దొరికిన తీరు

నీలానికి సరిపడే పదార్థం గాలియం నైట్రైడ్ అని తెలుసు. దాన్ని పగుళ్లు, లోపాలు లేని స్ఫటికంగా పెంచడమే ఎవరి చేతా కాలేదు. ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు ఎక్కువగా ఉండే పొరను అందులో తయారుచేయడం ఇంకా కష్టం. చాలామంది పరిశోధకులు విసిగి జింక్ సెలెనైడ్ వైపు వెళ్లిపోయారు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో ఇసాము అకసాకి, ఆయన విద్యార్థి హిరోషి అమానో వదిలిపెట్టలేదు. నీలమణి పలక మీద ముందుగా అల్యూమినియం నైట్రైడ్ పలుచని పొర వేసి, దానిమీద గాలియం నైట్రైడ్‌ను పెంచి 1986లో మంచి స్ఫటికం సాధించారు. ఖాళీలు ఎక్కువగా ఉండే ఆ పొర 1989లో చేతికొచ్చింది. అదే దారిలో టోకుషిమాలో ఒక రసాయన కంపెనీ ఉద్యోగి షుజీ నకమురా తన సొంత పద్ధతులతో పనిచేస్తూ 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని ప్రపంచానికి చూపించాడు. ఈ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

నీలం వచ్చాక తెలుపు ఎంతో దూరంలో లేదు. నీలి ఎల్ఈడీ మీద పసుపు రంగు ఫాస్ఫర్ పూత పూస్తే నీలి కాంతిలో కొంత భాగం పూతను దాటి నేరుగా వస్తుంది, కొంత భాగం పూతలో పసుపుగా మారి వస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెల్లగా తోస్తాయి. ఈరోజు మన ఇళ్లలో వెలుగుతున్న తెల్లటి ఎల్ఈడీల్లో దాదాపు అన్నీ ఈ రకమే.

మాడిపోయిన బల్బును విప్పి చూస్తే

ఇంట్లో మాడిపోయిన ఎల్ఈడీ బల్బు ఉంటే పారేసే ముందు ఒకసారి విప్పి చూడండి. హోల్డర్ నుంచి తీసి, చల్లారాకే విప్పాలి. పైన తెల్లటి ప్లాస్టిక్ డొప్పను కాస్త తిప్పితే ఊడి వస్తుంది. కింద గుండ్రటి అల్యూమినియం పలక, దానిమీద వరుసగా చిన్న చిన్న పసుపు చతురస్రాలు కనిపిస్తాయి. ఆ పసుపే ఫాస్ఫర్. ఒక్కో చతురస్రం అడుగున ఆవగింజ కంటే చిన్నదైన నీలి ఎల్ఈడీ చిప్పు ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే వాటిలో ఏదో ఒకదాని నడుమ సూదితో పొడిచినట్లు నల్లటి చుక్క కనిపించవచ్చు. కాలిపోయింది అదొక్కటే. అన్నింటినీ ఒకే వరుసలో కలిపారు కాబట్టి, ఒకటి తెగితే కరెంటు దారి మూసుకుపోయి మిగతావన్నీ ఆరిపోతాయి.

పలకను లేపితే కింద డ్రైవర్ ఉంటుంది. 230 వోల్టుల ఏసీని చిప్పులకు కావలసిన నిలకడైన డీసీగా మార్చేది ఇదే. అందులో నిలువుగా నిలబడ్డ చిన్న డబ్బా లాంటిది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. లోపల ద్రవం ఉంటుంది, వేడికి మెల్లగా ఆరిపోతుంది. దాని చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. చిప్పులు బాగానే ఉన్నా బల్బు పోయిందంటే చాలాసార్లు కారణం ఇక్కడే ఉంటుంది.

ఎల్ఈడీ చల్లటి దీపమే కదా, మరి ఈ వేడి ఎక్కడిది? 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకున్న విద్యుత్తులో సుమారు మూడో వంతు కాంతి అవుతుంది. ఫిలమెంట్ బల్బు పక్కన పెడితే ఇది గొప్ప సామర్థ్యమే, అయినా ఇంకా 6 వాట్లు వేడిగా మారుతున్నాయి. ఫిలమెంట్ తన వేడిని పరారుణ కిరణాలుగా గదిలోకి విసిరేస్తుంది. ఎంత వేడెక్కితే అంత ఎక్కువగా వెలుగుతుంది. ఎల్ఈడీ చిప్పుకు ఆ వీలు లేదు. దాని వేడి అల్యూమినియం పలకలోకి, అక్కడి నుంచి బల్బు ఒంట్లోకి, అక్కడి నుంచి గాలిలోకి పాకుతూ వెళ్లాలి. గాలి ఆడకపోతే వేడి వెనక్కి నిలుస్తుంది, చిప్పు మసకబారుతుంది, కెపాసిటర్ ఎండిపోతుంది.

కాబట్టి పెట్టె మీద 25,000 గంటలని రాసి ఉన్నా, ఆ మాట గాలి ఆడే చోట బిగించిన బల్బుకే వర్తిస్తుంది. మూత బిగించిన గాజు గ్లోబులో, ఫాల్స్ సీలింగ్‌లో ఇరుకు రంధ్రంలో, వంటింట్లో పొయ్యికి సరిగ్గా పైన పెట్టిన బల్బు అంతకాలం నిలవదు. అలాంటి చోట్ల తక్కువ వాట్ల బల్బు వాడటం, మూత తీసేయడం, లేదా వెనక వేడిని పంచే లోహపు ఒళ్లున్న ప్యానెల్ లైట్ బిగించడం మేలు. ఇంకొక సంగతి కూడా గమనించాలి. డ్రైవర్ గానీ, ఏదో ఒక చిప్పు గానీ కాలిపోతే తప్ప ఎల్ఈడీ ఠప్పున ఆరిపోదు, ఏళ్లు గడిచేకొద్దీ మసకబారుతుంది. మొదటి వెలుగులో 70 శాతానికి తగ్గేవరకు పట్టే గంటలనే సాధారణంగా దాని ఆయుష్షుగా లెక్కిస్తారు.

పెట్టె మీద ఏం చదవాలి

తరాలుగా మనం వెలుగును వాట్లలో అడగడానికి అలవాటుపడ్డాం. వాటు విద్యుత్తు ఖర్చును చెబుతుంది. వెలుగును చెప్పేది ల్యూమెన్. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు. మంచి 9 వాట్ల ఎల్ఈడీ 800 నుంచి 900 ఇస్తుంది. అదే 9 వాట్ల పేరుతో 600 మాత్రమే ఇచ్చే బల్బు కూడా అంగడిలో ఉండొచ్చు. ల్యూమెన్ల అంకెను వాట్ల అంకెతో భాగించి చూడండి. 100 దరిదాపుల్లో వస్తే సరుకు మంచిది.

రెండోది కెల్విన్ అంకె. 2,700 నుంచి 3,000 అంటే పాత బల్బు లాంటి పసుపు వెలుగు, 4,000 అంటే మధ్యస్థం, 6,500 అంటే నీలం మొగ్గిన తెలుపు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 6,500. వంటింటికీ చదువుకునే బల్లకూ 4,000 చక్కగా సరిపోతుంది. పడకగదికీ వరండాకూ 3,000 మేలు. తొలకరి వానల తర్వాత దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లతో వేగినవాళ్లకు వరండాలో పసుపు వెలుగు విలువ వెంటనే తెలుస్తుంది. పురుగుల కళ్లు నీలానికీ అతినీలలోహితానికీ ఎక్కువగా స్పందిస్తాయి కాబట్టి పసుపు దీపానికి తక్కువ చేరతాయి.

మూడోది సీఆర్ఐ, అంటే రంగులను ఎంత సరిగ్గా చూపిస్తుందో చెప్పే అంకె. ఎండకూ ఫిలమెంట్ బల్బుకూ ఇది 100 దగ్గర ఉంటుంది, మామూలు ఎల్ఈడీలకు 80 చుట్టూ. నీలం, పసుపు కలిసి తెల్లగా కనిపించినా, నీలానికీ పసుపుకూ నడుమ ఒక లోటు, ముదురు ఎరుపు దగ్గర మరో లోటు ఉంటాయి. చీరల కొట్లో దీపాల కింద ఎంచుకున్న మెరూన్ రంగు చీరను మన పెద్దవాళ్లు గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో చూసి మరీ తీసుకుంటారు. శాస్త్రపరంగా అది నూటికి నూరుపాళ్లు సరైన పరీక్ష. దీపం కాంతిలో లేని రంగును గుడ్డ తిరిగి పంపలేదు. అద్దం దగ్గరా, బట్టలు కుట్టే చోటా 90 సీఆర్ఐ ఉన్న బల్బు పెట్టుకుంటే తేడా కంటికే తెలుస్తుంది.

వీటితో పాటు బీఐఎస్ గుర్తు, కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, బీఈఈ నక్షత్రాల లేబుల్ ఉన్నాయో లేదో చూడండి. 2018 నుంచి ఎల్ఈడీ బల్బులకు నక్షత్రాల లేబుల్ తప్పనిసరి. గుర్తు లేని చవక బల్బులో తయారీదారు ముందుగా ఖర్చు మిగుల్చుకునేది డ్రైవర్ మీదే. వోల్టేజీ హెచ్చుతగ్గుల నుంచి రక్షణ, మంచి కెపాసిటర్ రెండూ కొరవడతాయి.

కన్ను, నిద్ర

కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుని తిరిగొస్తుంది. డ్రైవర్ నాసిరకమైతే వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. కన్ను దాన్ని విడిగా గుర్తుపట్టదు గానీ, గంటల తరబడి చదివేవాళ్లలో కొందరికి కళ్లు లాగడం, తలనొప్పి రావడం ఉంటుంది. పరీక్ష సులువు. బల్బు వెలుగులో పెన్సిల్‌ను వేగంగా అటూ ఇటూ ఊపండి. చెదిరిన మసక గీతలాగా కనిపిస్తే బల్బు మంచిది. విడివిడి పెన్సిళ్ల వరుసలాగా కనిపిస్తే ఆ దీపాన్ని పిల్లల చదువు బల్ల మీద నుంచి తీసేయండి.

ఇక నిద్ర. చూపుతో సంబంధం లేకుండా పగలూ రాత్రీ తేడాను మెదడుకు చేరవేసే ప్రత్యేక కణాలు రెటీనాలో ఉన్నాయని 2002లో తేలింది. అవి 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి ఎక్కువగా స్పందిస్తాయి, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ ఊరడాన్ని వెనక్కి నెడతాయి. రాత్రి పది గంటలకు 6,500 కెల్విన్ వెలుగులో కూర్చుంటే ఒంటికి ఇంకా పొద్దు పోలేదన్న సంకేతం అందుతుంది. పడకగదిలో పసుపు దీపం పెట్టుకోమనడం అందం కోసం చెప్పే మాట కాదు, ఆరోగ్యం కోసం చెప్పే మాట.

బిల్లు లెక్క

రోజుకు 5 గంటలు వెలిగే 60 వాట్ల బల్బు ఏడాదికి 109 యూనిట్లు తింటుంది. దాని చోట 9 వాట్ల ఎల్ఈడీ పెడితే 16 యూనిట్లు. 93 యూనిట్లు మిగిలాయి. యూనిట్ 6 రూపాయలనుకుంటే ఏడాదికి దాదాపు 560 రూపాయలు, ఒక్క బల్బుకు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గృహ వినియోగానికి స్లాబుల పద్ధతి ఉంది కాబట్టి ఆదా అయిన యూనిట్లు అన్నింటికంటే పైనున్న ఖరీదైన స్లాబు నుంచే తగ్గుతాయి. రాత్రంతా వెలిగే జీరో బల్బును మర్చిపోకండి. పాతరకం జీరో బల్బు సుమారు 15 వాట్లు తీసుకుంటుంది. రాత్రికి 10 గంటల చొప్పున ఏడాదికి దాదాపు 55 యూనిట్లు. అర వాటు ఎల్ఈడీకి రెండు యూనిట్లు కూడా కావు. ముందు మార్చాల్సింది ఎక్కువ గంటలు వెలిగే దీపాన్ని. అటక మీద ఎప్పుడో ఒకసారి వేసే బల్బు ఆఖరున మారినా నష్టం లేదు.

ఇది ఇంటికే పరిమితమైన లెక్క కాదు. సాయంత్రం ఆరు నుంచి పది వరకు అందరి ఇళ్లలో దీపాలు ఒక్కసారే వెలుగుతాయి. ఆ నాలుగు గంటల డిమాండు కోసమే విద్యుత్ సంస్థలు ఎక్కువ ధర పెట్టి కరెంటు కొంటాయి. 2014 చివర్లో గుంటూరు, అనంతపురం వంటి జిల్లాల్లో పాత బల్బు తెచ్చిస్తే 10 రూపాయలకే ఎల్ఈడీ బల్బు ఇచ్చిన పథకం వెనక ఉన్న లెక్క అదే. 2015 జనవరిలో అది దేశమంతటికీ వచ్చింది, తర్వాత ఉజాలా అన్న పేరు పెట్టారు. కోట్లలో ఒకేసారి కొనడంతో 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. ఈ పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖపట్నం కూడా తన వీధి దీపాల్లో 90 వేలకు పైగా ఎల్ఈడీలుగా మార్చుకుంది.

స్విచ్ ఆపినా మిణుకుమంటే

ఎల్ఈడీ పెట్టుకున్నాక కొందరి ఇళ్లలో ఓ విచిత్రం కనిపిస్తుంది. స్విచ్ ఆపినా బల్బు చీకట్లో మసకగా వెలుగుతూనే ఉంటుంది. దెయ్యమూ కాదు, బల్బు లోపమూ కాదు. స్విచ్‌లో ఎర్రటి ఇండికేటర్ దీపం ఉంటే దాని గుండా పారే లేశమాత్రం కరెంటు చాలు చిప్పులు మిణుకుమనడానికి. ఫిలమెంట్ బల్బుకు ఆ కరెంటు లెక్కలోకే రాదు. రెండో కారణం మాత్రం ప్రమాదకరం. వైరింగు చేసినప్పుడు స్విచ్‌ను ఫేజ్ తీగలో కాకుండా న్యూట్రల్‌లో వేసి ఉండొచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో 230 వోల్టులు ఉంటాయి, బల్బు మార్చబోయిన చేతికి షాక్ తగులుతుంది. ఇలా మిణుకుమనే దీపం ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించండి.

ట్యూబ్‌లైట్ మార్చేవాళ్లకూ ఒక మాట. పాత పట్టీలోనే ఎల్ఈడీ ట్యూబు పెట్టాలంటే చాలా రకాలకు చోక్, స్టార్టర్ తీసేసి వైరింగు మార్చాలి. దానికంటే పట్టీతో సహా వచ్చే 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్ బిగించుకోవడం సులువు, సురక్షితం. తీసిన పాత ట్యూబును గోడకేసి కొట్టొద్దు, చెత్త కుప్పలో పగలగొట్టొద్దు. అందులోని పాదరసం గాలిలో, నేలలో కలుస్తుంది. అట్టలో చుట్టి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలి. ఎల్ఈడీ బల్బులో పాదరసం లేకపోయినా అదీ ఎలక్ట్రానిక్ వ్యర్థమే, దాని చోటూ అక్కడే.

వెలుగు చవకైతే మనిషి ఎక్కువ వెలిగిస్తాడు. ఒక బల్బు ఉన్న గదిలో ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ నిండా ఎనిమిది డౌన్‌లైట్లు, చుట్టూ స్ట్రిప్ లైట్లు వస్తున్నాయి. ఎనిమిదింటినీ కలిపితే 60 వాట్ల బల్బు దాటిపోయిన ఇళ్లు తక్కువేం కాదు. ముప్ఫై ఏళ్ల పట్టుదలతో మనిషి సంపాదించిన సామర్థ్యం ఇలా కరిగిపోకూడదు. ఇంటికి కావలసింది గదంతా ఒకే తీరున తెల్లగా వెలగడం కాదు, పని జరిగే చోట సరిపడా వెలుగు. కూరగాయలు తరిగే గట్టు మీద ఒకటి, పుస్తకం చదివే చోట ఒకటి, మెట్ల దగ్గర ఒకటి. ల్యూమెన్లు చూసి కొనండి, గది పనిని బట్టి కెల్విన్లు ఎంచుకోండి, బల్బు వెనక గాలి ఆడనివ్వండి. ఈ మూడూ పాటించిన ఇంట్లో ఈ ఏడు కొన్న బల్బు, పాప పదో తరగతి పాసయ్యేదాకా అదే హోల్డర్‌లో వెలుగుతుంది.